ఎదిగే పిల్లల కొలత

మీరావలి కాళ్ళు కుట్టుమిషన్ని నడుపుతుంటే, నోరు దేశాన్ని నడుపుతూ ఉంటుంది. ఆ రెండూ ఒకేసారి ఆగిన రోజు చిలకలూరిపేట కూరగాయల మార్కెట్టు సందులో ఎవరికీ గుర్తు లేదు. ఆ బుధవారం సాయంత్రం కూడా అతను ఒక నిక్కరు కుట్టు విప్పుతూ పెట్రోలు ధర సంగతి తేల్చేశాడు, ఉచిత కరెంటు ఎన్నాళ్ళు నిలుస్తుందో జోస్యం చెప్పాడు, పత్తి విత్తనాలు అమ్మేవాళ్ళకి నాలుగు చివాట్లు పెట్టాడు. ఆ తర్వాత చిప్సు పాకెట్ల మీద పడ్డాడు.

"పాకెట్టు చూస్తే దిండంత ఉంటది. చింపితే గుప్పెడు ముక్కలు, మిగతాదంతా గాలి. గాలిని కూడా పాకెట్టు కట్టి అమ్ముతున్నారయ్యా యలమందా! మనం కొంటన్నాం, పిల్లలు తింటన్నారు, ప్రభుత్వం చూస్తా కూర్చుంది."

బల్ల మీద కూర్చుని టీ తాగుతున్న యలమంద తలూపాడు. స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు దిగాక ఇంటికి పోయే ముందు ఇక్కడ అరగంట కూర్చోవడం అతనికి అలవాటు. పేపరు కొనే ఖర్చూ తప్పుతుంది, చదివే శ్రమా తప్పుతుంది. ఇవాళ మాత్రం పని మీదే వచ్చాడు. మీరావలి చేతిలో ఉన్న నిక్కరు అతని కొడుకుది.

"నిన్న కబడ్డీలో వంగాడంట. వంగాడో లేదో పర్రున పోయింది. కొని పదిహేను రోజులు కాలా."

"ఈ వారంలో ఇది తొమ్మిదోది. తొమ్మిదీ చెంచయ్య గారి బళ్ళోవే," అన్నాడు మీరావలి.

చెంచయ్య గారు పత్తి వ్యాపారం చేసి నాలుగేళ్ళ కిందట హైవే పక్కన కాన్సెప్ట్ స్కూలు పెట్టిన పెద్దమనిషి. కాన్సెప్ట్ అంటే ఏమిటో పేటలో ఎవరికీ స్పష్టంగా తెలియదు గానీ ఫీజు చూస్తే గొప్పదేనని అర్థమవుతుంది. పుస్తకాలు, బూట్లు, టై, బెల్టు మొదటినుంచీ బడిలోనే కొనాలి. ఈ ఏడాది నుంచి డ్రెస్సు కూడా అక్కడే కొనాలన్నారు. మీరావలి కూతురు సిద్దికా ఆ బడిలోనే ఎనిమిదో తరగతి. దర్జీ ఇంటి పిల్లకి ఆ రూలు వర్తించదని మీరావలి తనకు తానే తీర్పు చెప్పుకుని, గుంటూరు వెళ్ళి గుడ్డ తెచ్చి, రెండు జతలు స్వయంగా కుట్టి పంపించాడు.

అతను నిక్కరుని తిరగేసి వెలుగులో పెట్టి చూశాడు. కుట్టు పక్కన వేలిగోరంత గుడ్డ కూడా వదల్లేదు. కొత్త కుట్టు వెయ్యాలంటే పట్టుకోవడానికి ఏమీ లేదు. నడుం మడత విప్పితే అందులో గుడ్డ తాను అంచు దొరికింది. అంచు మీద తెల్లటి అచ్చులో మిల్లు పేరు ఉంది. మీరావలి ఒక్క క్షణం ఆగి, బల్ల కింద అట్టపెట్టెలో చెయ్యి పెట్టి, సిద్దికా కోటు కుట్టగా మిగిలిన నీలం ముక్క తీసి పక్కన పెట్టాడు. అదే మిల్లు, అదే నేత, అదే నీలం.

"యలమందా! మీకు అమ్మిందీ నేను కొన్నదీ ఒకటే గుడ్డయ్యా. నాకయిన దానికి రెండింతల పైన లాగారు మీ దగ్గర. పైగా ఈ కుట్టు!"

"అయితే అడగొద్దా మరి?"

"అడగాల్సిందే! అడిగేవాడు లేకే దేశం ఇట్టా తగలడింది," అన్నాడు మీరావలి, దారం పంటితో కొరుకుతూ. ఆ అడిగేది ఎవరో మాత్రం చెప్పలేదు. ఇంకో బట్ట మిషన్ మీదకి ఎక్కించి తొక్కడం మొదలుపెట్టాడు.

అప్పుడే సిద్దికా బడి నుంచి వచ్చింది. పుస్తకాల సంచి దించడానికి అటు తిరిగింది. మీరావలికి ఎవరిలోనైనా ముందు బట్ట కనిపిస్తుంది, తర్వాతే మనిషి. నీలం కోటు వెనక భుజాల దగ్గర సున్నం మరక ఉంది. నిన్న కూడా అక్కడే ఉన్నట్టు, తనే దులిపినట్టు గుర్తొచ్చింది.

"ఏ గోడకి ఆనుకున్నావమ్మా?"

"క్లాసు బయటి గోడకి."

"బయట నీకేం పని?"

సిద్దికా కుండలోంచి నీళ్ళు ముంచుకుని నెమ్మదిగా తాగింది. దాచడానికి ఇంకేమీ లేదని తేల్చుకున్నాక చెప్పింది. "సోమవారం నుంచి ఫస్టు పీరియడ్ బయటే నాన్నా. ఇది బళ్ళో డ్రెస్సు కాదంట. లూజుగా ఉందంట, చేతులు పొడుగంట. సెకండ్ పీరియడ్‌కి సైన్సు సార్ వచ్చి లోపలికి రమ్మంటాడు."

"ఫస్టు పీరియడ్ ఏంది?"

"లెక్కలు. కిటికీలోంచి బోర్డు సగమే కనపడుద్ది. మిగతా సగం నేనే చేసుకుంటన్నా."

మిషన్ ఆగింది. నోరు కూడా ఆగింది. యలమంద టీగ్లాసు పట్టుకుని, ఇక్కడ ఉండాలో పోవాలో తెలియక, బల్ల చివరకి జరిగి కూర్చున్నాడు.

సిద్దికా డైరీ తీసి తండ్రికిచ్చింది. ఎర్రసిరాతో రాసి ఉంది. శనివారం తల్లిదండ్రుల మీటింగు. వచ్చే సోమవారం నుంచి స్కూలు డ్రెస్సులో రాని పిల్లల్ని పూర్తిగా బయటే ఉంచుతారు.

పేటలో పిల్లల బట్టలకి కొలతలిచ్చే ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ ఒకే మాట అంటారు. "ఎదిగే పిల్ల, కాస్త వదిలి కుట్టు." వాళ్ళు అనకపోయినా మీరావలి వదులుతాడు. పక్కల్లో ఒకటిన్నర అంగుళం, కింద మడతలో మూడు అంగుళాలు. ఏడాది తిరిగాక పిల్లని తీసుకొస్తే కుట్టు విప్పి వదులు చేస్తాడు. పాత మడత గీత మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే అది కనపడను కూడా కనపడదు. అలా ఒక జతని మూడేళ్ళు నడిపించిన కుటుంబాలు ఉన్నాయి. ఆ పనితనమే ఇవాళ తన కూతుర్ని గోడ పక్కన నిలబెట్టింది.

ఇంట్లో అతని భార్య సాజిదా విషయం విని, ఉల్లిపాయలు తరుగుతున్న చెయ్యి ఆపకుండానే తీర్పు చెప్పింది. "పోయి ఆ డ్రెస్సేదో కొనిపారెయ్. బట్టల గొడవకి పిల్ల చదువు పాడు చేసుకుంటామా?"

"ఇది బట్టల గొడవ కాదే. వినియోగదారుల హక్కు. గుంటూరులో ఫోరం ఉంది. తెల్ల కాయితం మీద రాసి పంపిస్తే చాలు, వాళ్ళే నోటీసు ఇస్తారు."

"వాళ్ళు నోటీసిచ్చేసరికి నా టెన్తు అయిపోద్ది నాన్నా," అంది సిద్దికా. ఆమె నేలమీద కూర్చుని, కిటికీ మింగేసిన సగం లెక్కలు పూర్తి చేసుకుంటోంది. "నువ్వు ప్రధానమంత్రినే తిడతావు కదా. మా కరస్పాండెంటుని అడగలేవా?"

ఆ మాటలో వెక్కిరింత లేదు, నిజంగానే అడిగింది. అందుకే మీరావలికి ఎక్కువ తగిలింది. ప్రధానమంత్రి ఢిల్లీలో ఉంటాడు, వినడు. చెంచయ్య గారు హైవే పక్కనే ఉంటారు, వింటారు. ఎదురుగా లేని మనిషిని దులిపెయ్యడంలో మీరావలిని మించినవాడు పేటలో లేడు. ఎదురుగా ఉన్న మనిషికి మాత్రం "అలాగేనండీ" అనడం తప్ప ఇంతవరకూ ఇంకోటి అనలేదు. ఈ సంగతి అతనికి తెలుసు. కూతురికి తెలియదనుకున్నాడు.

"శనివారం మీటింగుంది కదా. అక్కడ అడుగుతా," అన్నాడు.

సాజిదా ఉల్లిపాయ మీదనుంచి తలెత్తి మొగుణ్ణి చూసింది. చూసి, మళ్ళీ ఉల్లిపాయలో పడింది.

గురువారం, శుక్రవారం అతను మద్దతు కూడగట్టాడు. చిరిగిన నిక్కరు తెచ్చిన ప్రతి తండ్రికీ లోపల తిప్పి చూపించాడు, తాను అంచు చదివించాడు. అందరూ మండిపడ్డారు. ఇది పగటి దోపిడీ అన్నారు. "నువ్వడుగు మీరావలీ, మేం నీ వెనకే ఉంటాం," అన్నారు. "పక్కన ఉంటారా?" అని అడిగితే మాత్రం ఒకాయనకి ఆ రోజే కనిగిరిలో పెళ్ళి ఉంది, ఒకాయనకి నడుం నొప్పి ఉంది, ఒకాయన కొడుక్కి అసలే మార్కులు తక్కువ, టీచర్లకి కోపం వస్తే ఇంకా తగ్గుతాయి. శుక్రవారం సాయంత్రానికి ఓ ఇరవై మంది వెనక తేలారు, పక్కన ఒక్కడూ తేలలేదు.

శనివారం మీటింగుకి చెంచయ్య గారు గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక ఆయన్ని పిలిపించారు. పిల్లల్ని ఎలా పెంచాలో పెద్దవాళ్ళకి నేర్పడం ఆయన వృత్తి. మెళ్ళో టై కట్టుకుని, మైకు చేత్తో పట్టుకుని, స్టేజీ మీద అటూ ఇటూ నడుస్తూ మాట్లాడాడు. పిల్లల్ని తిట్టకండి, పక్కింటి పిల్లలతో పోల్చకండి, రోజూ ఇరవై నిమిషాలు పూర్తిగా పిల్లలకే కేటాయించండి అన్నాడు.

"ఇరవై నిమిషాలేందయ్యా," అంది రెండో వరసలోంచి పిచ్చమ్మ. అరవై ఏళ్ళ మనిషి, మనవరాలు బిందుమాధవిని తనే పెంచుతోంది. "ఇరవై నాలుగ్గంటలూ నా నెత్తిమీదే ఉంటది. తగ్గించే ఉపాయం ఏదన్నా ఉంటే చెప్పు."

హాలంతా నవ్వింది. టై ఆయన కూడా నవ్వి, చివరగా ఇంకో మాట అన్నాడు. "గుర్తుపెట్టుకోండి. పిల్లలు మనం చెప్పేది వినరు. మనం చేసేది చూస్తారు."

మీరావలి పక్కకి చూశాడు. కిటికీ బయట వరండాలో పిల్లలు నిలబడి ఉన్నారు. అందులో సిద్దికా ఉంది. ఆమె స్టేజీ వైపు చూడటం లేదు.

తల్లిదండ్రులు ఏమైనా అడగదలిస్తే అడగవచ్చని చెంచయ్య గారు అన్నారు. మునిసిపల్ ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి. ఆయన తమ వార్డు కౌన్సిలర్‌గా నిలబడబోతున్నారు. కాబట్టి ఈ మధ్య ఆయన ముఖం మీద చిరునవ్వు పొద్దున్నే ఎక్కి రాత్రికి గానీ దిగడం లేదు. మీరావలి చెయ్యి లేచింది. చెయ్యి లేచాక మనిషి కూడా లేవక తప్పలేదు.

"అయ్యా... ఇయ్యాల దేశంలో పరిస్థితి ఎట్టా ఉందంటే..." అని మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ పెట్రోలు దగ్గరికి వెళ్ళాడు, అక్కణ్ణించి చిప్సు పాకెట్లలో గాలి దగ్గరికి వచ్చాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వెనక ఉంటామన్న ఇరవై మందిలోనే ఎవరో అయి ఉంటారు.

"విషయానికి రా సాయిబూ," అన్నారు చెంచయ్య గారు, నవ్వుతూనే.

మీరావలి తన చేతుల వైపు చూసుకున్నాడు. చేతిలో గుడ్డసంచి ఉంది. అందులోంచి యలమంద కొడుకు నిక్కరు తీశాడు, సిద్దికా కోటుకి తెచ్చిన గుడ్డలో మిగిలినదానితో తను కుట్టిన ఇంకో నిక్కరు తీశాడు. రెండూ తిరగేశాడు. గుడ్డ చేతికి తగలగానే వేళ్ళకి పని దొరికింది. వేళ్ళ వెంట మాట కూడా దారిలో పడింది.

"ఇది మీరు అమ్మింది. ఇది నేను కుట్టింది. ఈ అంచు చూడండి, ఈ అంచు చూడండి. ఒకటే మిల్లు. ఇక లోపలికి రండి. మీ దాంట్లో కుట్టు పక్కన గుడ్డే లేదు. పిల్లోడు వంగితే కుట్టు ఎక్కడ ఆగుద్ది? మా దాంట్లో ఒకటిన్నర అంగుళం ఉంది. లూజుగా ఉందని మా అమ్మాయిని అయిదు రోజులు బయట నిలబెట్టారు. అది లూజు కాదండీ. వచ్చే ఏడాదికి అది ఎదిగే ఎత్తు."

రెండు నిక్కర్లూ వరసల్లో చేతులు మారాయి. పెళ్ళిలో పెట్టుబడి చీరలు చూసినట్టు ఒక్కొక్కరూ వేళ్ళతో నలిపి, అంచు చదివి, పక్కవాళ్ళకి ఇచ్చారు. ఒక తండ్రి చిరుగుని ముఖం ముందు పెట్టుకుని అందులోంచి టై ఆయన్ని చూశాడు. హాలు గొల్లుమంది.

చెంచయ్య గారు కోప్పడలేదు. చప్పట్లు కొట్టారు. "ఇట్టా అడిగే తల్లిదండ్రులే మా బడికి కావాల్సింది. మీటింగు అయినాక నా రూములోకి రా మీరావలీ."

రూములో కుర్చీ చూపించి, కూల్‌డ్రింకు తెప్పించారు. మీరావలి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నీ పనితనం చూశానయ్యా. ఇప్పుడు కుట్టేవాణ్ణి మానిపించేస్తా. వచ్చే ఏడాది నుంచి ఆరు వందల మంది పిల్లలకీ నువ్వే కుట్టు. గేటు పక్క గది ఇస్తా, నీ పేరుతో బోర్డు పెట్టుకో. డ్రెస్సు మాత్రం మన దగ్గరే కొనాలి, ఆ రూలు అట్టాగే ఉంటది. ఇంకోటి, లోపల గుడ్డ వదలడాలూ అయ్యీ పెట్టుకోమాక. చిరక్కుండా కుట్టు, చాలు. ఏడాదికి సరిపోవాలి, మళ్ళీ ఏడాది మళ్ళీ కొనుక్కోవాలి. సోమవారం ఒక శాంపిలు పట్రా."

"అలాగేనండీ," అన్నాడు మీరావలి. కూల్‌డ్రింకు చల్లగా గొంతులోకి దిగుతోంది. "అలాగేనండీ. తప్పకుండా అండీ."

ఆదివారం ఇంట్లో సాజిదా సేమ్యా పాయసం చేసింది. రెండో మిషన్ ఎక్కడ పెట్టాలో, కాజాలు కుట్టడానికి తన చెల్లెల్ని పిలవాలో వద్దో ఆలోచించేసింది. సిద్దికా కూడా సంబరపడింది. "గేటు పక్కనేనా? అయితే మధ్యాన్నం అన్నం నీ దగ్గరే తింటా నాన్నా." మార్కెట్టు సందంతా వచ్చి చెయ్యి కలిపి వెళ్ళింది. మీటింగులో కిసుక్కుమన్నాయన కూడా వచ్చి, తను అప్పుడే చప్పట్లు కొట్టబోయానని చెప్పాడు.

మధ్యాహ్నం మీరావలి షాపు తెరిచి, శాంపిలు కోసం నీలం గుడ్డ బల్లమీద పరిచాడు. టేపు పెట్టి, సుద్దతో గీత గీశాడు. కొలత గీతకి అవతల చెయ్యి ఇంకో గీత గీసేసింది, ఒకటిన్నర అంగుళం దూరంలో. గుడ్డ దులిపి మళ్ళీ గీశాడు. చెయ్యి మళ్ళీ బయటికి పోయింది. మూడోసారి జాగ్రత్తగా, పలక మీద అక్షరాలు దిద్దే పిల్లాడిలా కొలత గీత ఒక్కటే గీసి, దాని మీద కత్తెర పెట్టాడు. కత్తెర తెరుచుకుంది గానీ ముందుకు కదల్లేదు. ముప్ఫయ్యేళ్ళుగా ఎదిగే పిల్లకి అలా గీత మీద కోసింది లేదు. కోస్తే ఇక ఆ గుడ్డని ఎవరూ పెద్దది చెయ్యలేరు.

"మీరావలీ, ఉన్నావా?" అంటూ పిచ్చమ్మ వచ్చింది. చేతిలో చిన్న నీలం కోటు ఉంది. మనవరాలి కోసం తన పాత మిషన్ మీద తనే కుట్టింది. "కాజాలు నాకు కుదరవయ్యా, కళ్ళు ఆనటంలా. నువ్వేసి పెట్టు. మా బిందుని కూడా కోటు లేదని మూడు రోజులుగా బయటే నిలబెడుతున్నారు. రేపన్నా కూర్చోనిస్తారేమో."

మీరావలి కోటు అందుకుని తిరగేశాడు. కుట్టు కాస్త వంకర పోయింది. లోపల మాత్రం రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలింది.

"ఇంతకీ వచ్చే ఏడాది నుంచి నువ్వే కుడతావంటగా. మంచి మాట. నా చేత్తో కుట్టింది ఏసుకుంటే దానికి అదో సంబరం. సరేలే, నీ దగ్గరే కొనుక్కుంటాం. పరాయోడివా ఏంది?" పిచ్చమ్మ లేచి, మెట్టు దిగుతూ వెనక్కి తిరిగింది. "ఎదిగే పిల్లయ్యా, కాస్త వదిలి కుట్టు."

ఎన్ని వేలసార్లు విన్న మాటో. ప్రతిసారీ "నాకు చెప్పాలా పిన్నీ" అనేవాడు. ఇవాళ ఆ జవాబు నోటిదాకా రాలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కాజాలు ఏడూ కుట్టి, నీలం గుడ్డ మడిచి అట్టపెట్టెలో పెట్టేశాడు.

సాయంత్రం ఆ పని ఒప్పుకోనని సాజిదాతో చెప్పాడు. ఆమె మాట్లాడింది, గిన్నెలు కూడా మాట్లాడాయి.

"నోటిదాకా వచ్చిన ముద్దయ్యా ఇది! ఎవరన్నా కాదంటారా?"

"తెలుసు."

"నువ్వు మానేస్తే ఇంకోడు కుడతాడు. అంతేగా?"

"కుడితే కుట్టనీ. నా చెయ్యి ఒప్పుకోవటంలేదే. ఇన్నాళ్ళూ అందర్నీ తిట్టిన నోరు ఇది. రేపటినుంచి నన్ను నేను తిట్టుకోవాల్సొస్తది."

సిద్దికా పుస్తకంలోంచి తలెత్తి వింది, మళ్ళీ పుస్తకంలో తల పెట్టింది. ఆ పిల్ల ఏమనుకుందో మీరావలికి అర్థం కాలేదు. గేటు పక్క గదిలో అన్నం తినడం పోయిందని బాధపడిందేమోనని అతనికి బెంగగా అనిపించింది.

సోమవారం పొద్దున సాజిదా మొగుడితో మాట్లాడకుండానే ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసింది. అతను కుట్టిన జతనే తీసి, కోటు మీద ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసి, కూతురికి తొడిగి బొత్తాలు పెట్టింది. మీరావలికి కొండంత ధైర్యం వచ్చింది.

కూతురితో బడికి వెళ్తే చెంచయ్య గారు వరండాలోనే ఎదురయ్యారు. "శాంపిలేదయ్యా?"

"తేలేదండీ. గది వద్దండీ, పనీ వద్దండీ." మీరావలి చేతులు కట్టుకోబోయి, కట్టుకోకుండా కిందికి వదిలేశాడు. "ఇయ్యాల మా పిల్ల బయట నిలబడుతోంది. నేను ఒప్పుకుంటే రేపు వేరేవాళ్ళ పిల్లలు నిలబడతారు, నా బోర్డు పక్కనే. పైగా వదలకుండా కుట్టటం నాకు చాతకాదండీ. డ్రెస్సు ఎక్కడన్నా కుట్టించుకోవచ్చని చెప్పండి, చాలు."

"నీకు పిచ్చిగానీ పట్టిందా?" చెంచయ్య గారి చిరునవ్వు మొదటిసారి జారింది. అటు నుంచి పిల్లలు చూస్తున్నారని సర్దుకున్నారు. "సర్లే, రూలు రూలే. నువ్వు మా మనిషివి కాబట్టి మీ అమ్మాయికి మాత్రం పర్మిషన్ ఇస్తన్నా. పోమ్మా, పోయి క్లాసులో కూర్చో."

సిద్దికా కదల్లేదు. గోడ పక్కన నానమ్మ కుట్టిన కోటు వేసుకుని బిందుమాధవి నిలబడి ఉంది. దాని పక్కన మూడో తరగతి పిల్లాడొకడు, వాళ్ళమ్మ కుట్టిన చొక్కాలో, ముక్కు ఎగబీలుస్తూ ఉన్నాడు.

"వాళ్ళకి కూడానా సార్?"

"నీకమ్మా. నీ సంగతి చూసుకో."

"అయితే నేను ఇక్కడే ఉంటా సార్," అంది సిద్దికా. వెళ్ళి ఆ ఇద్దరి పక్కన నిలబడింది.

మీరావలికి కలిగింది భయమో సంతోషమో తేల్చుకునే తీరిక లేదు. చెప్పడానికి లక్ష మాటలున్నాయి, ఒక్కటీ వాడలేదు. వెళ్ళి కూతురి పక్కన నిలబడ్డాడు.

మనవరాలిని దింపి వెళ్ళిపోతున్న పిచ్చమ్మ గేటు దగ్గర్నుంచి ఇది చూసి వెనక్కి వచ్చింది. "నిలబడే కార్యక్రమమా? అయితే నేనూ నిలబడతా." గేటు కాపలా ఇమ్మానియేలు పరుగెత్తి ఆమెకి తన స్టూలు తెచ్చి వేశాడు. కొడుకుని సైకిల్ మీద తెచ్చిన యలమంద సైకిల్ స్టాండు వేసి, తల గోక్కుని, చివరికి మీరావలి పక్కకి వచ్చాడు. "వెనక ఉంటానని మాటిచ్చాగానీ, వెనక గోడుంది. పక్కనే ఉంటా," అన్నాడు.

ప్రేయర్ బెల్లు కొట్టేసరికి ఏడుగురయ్యారు. ఫస్టు పీరియడ్ సగమయ్యేసరికి పదిహేడు మందయ్యారు. శనివారం నడుం నొప్పి ఉన్నాయన కూడా నిటారుగా నిలబడి ఉన్నాడు. హైవే మీద మిరపకాయల బస్తాల లారీ నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టి, సినిమా షూటింగా అని అడిగాడు. దాని వెనక ఒక మోటార్‌సైకిల్ ఆగింది. దాని మీద ఉన్నది అదే వార్డులో చెంచయ్య గారి మీద పోటీకి దిగబోతున్న మనిషి. అతను కాలు కింద పెట్టి, తీరిగ్గా, సెల్‌ఫోన్ తీసి ఎవరికో ఫోను చెయ్యడం మొదలుపెట్టాడు.

చెంచయ్య గారు రూములోంచి బయటికి వచ్చారు. వరండా చివరిదాకా వెళ్ళి మోటార్‌సైకిల్ని చూశారు, తిరిగి వచ్చి గోడ పక్క వరసని చూశారు. వరసలో ఎన్ని ఇళ్ళున్నాయో, ఇంటికి ఎన్ని ఓట్లున్నాయో ఆయనకి వేళ్ళు మడవకుండానే లెక్క తేలిపోయింది.

"ఏందయ్యా మీరావలీ ఈ గోల? ఇంకెంతసేపు నిలబడతారు?"

రాజ్యాంగం, హక్కులు, ఫోరం, మిల్లు అంచు, అన్నీ మీరావలి నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. అతను పక్కకి తిరిగి కూతుర్ని చూశాడు. ఆమె మెడ చాచి, కిటికీలోంచి బోర్డు మీద కనిపించే సగం లెక్కని నోటుపుస్తకంలో దింపుకుంటోంది.

"నన్ను కాదండీ," అన్నాడు. "మా అమ్మాయిని అడగండి."

చెంచయ్య గారు ఆ పిల్లని చూశారు. పదమూడేళ్ళ పిల్లని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. అడగకుండా ఉండటానికి దారీ లేదు. "పోండమ్మా," అన్నారు చివరికి, అందరికీ వినపడేటట్టు. "ఎవరు కుట్టింది ఏసుకున్నా సరే. అందరూ లోపలికి పోండి."

సిద్దికా ముందు మూడో తరగతి పిల్లాడి ముక్కు తుడిచి పంపించింది. బిందుమాధవి కోటు బొత్తం ఒకటి ఊడితే పెట్టి పంపించింది. తర్వాత తను లోపలికి వెళ్ళి, ముందు బెంచీలో కూర్చుని, బోర్డు వైపు చూసింది. వారం రోజుల తర్వాత మొదటిసారి ఆమెకి లెక్క మొత్తం కనిపించింది.